చోక్ తీగ ఎందుకు వేడెక్కింది?

గత సంచికలో ఇళ్లలోని నీటిపంపు మోటార్ల గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి పాత కార్ల గురించి వ్రాయవలసిందని మన టౌన్‌షిప్ మిత్రులు ఇద్దరు ముగ్గురు కోరారు. "ఉదయం పూట బండి ఒక పట్టాన స్టార్టు కాదు. ఏమి మార్చమంటారు?" అన్నది వారి ప్రశ్న. సరిగ్గా ఇదే ప్రశ్నకు నేను ఒకసారి తొందరపడి సమాధానం చెప్పి ఉన్నాను. దాని ఫలితం ఏమైనదో ముందుగా మనవి చేసుకుని, ఆ తరువాత సాంకేతిక విషయంలోకి వెళ్లడం న్యాయమని భావిస్తున్నాను.

మా మేనమామగారు ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో ఉంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో మన ఉత్తర కోస్తా జిల్లాల నుండి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలలో వారిదీ ఒకటి. నిమ్‌పురా యార్డులో బండ్లు కలిపే చప్పుడు, రాత్రింబవళ్లు ఇంజన్ల కూతలు, వీధిలో తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిసిన మాటలు: నా చిన్ననాటి సెలవులన్నీ వాటి మధ్యనే గడిచాయి. మామయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, 2008లో పదవీ విరమణ చేశారు. ఆ సంవత్సరమే ఒక డాక్టరుగారి వద్ద 1986 నాటి పెట్రోలు అంబాసిడర్ కొన్నారు. అదే రాష్ట్రంలోని ఉత్తరపాడాలో 1950ల చివరి నుండి 2014 వరకు తయారైన కారు కనుక, విడిభాగాలకూ పనివారికీ అక్కడ కొదవ లేదు. మామయ్యకు ఇప్పుడు డెబ్బయ్యేడు సంవత్సరాలు. వారానికి రెండుసార్లు అత్తయ్యను బజారుకో, గుడికో, ఆసుపత్రికో ఆ కారులోనే తీసుకువెళ్తారు.

రెండేళ్ల క్రితం అక్టోబరులో మామయ్య ఫోను చేశారు. "బాబూ, బండి పొద్దున్న పూట మొరాయిస్తోందిరా. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. లైట్లు బాగానే ఉన్నాయి, హారను బాగానే ఉంది" అన్నారు. నేను ఆ సమయంలో షట్‌డౌన్ పనుల హడావుడిలో ఉన్నాను. "బ్యాటరీ వయసైపోయి ఉంటుంది మామయ్యా, మార్చేయండి" అన్నాను. మార్చారు. మూడు రోజులు కాస్త నయమనిపించి, మళ్లీ మొదటికి వచ్చింది. నవంబరులో మళ్లీ ఫోను చేశారు. మెకానిక్ ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా వస్తున్నదట. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, కాయిలు మార్చమన్నాను. మార్చారు. ఫలితం లేదు. ప్లగ్గులు పెట్రోలుతో తడుస్తున్నాయనగానే కార్బురేటరు విప్పి బాగుచేయించమన్నాను. అదీ అయింది. మొత్తం ఖర్చు పన్నెండు వేలు దాటింది. నలభై ఏళ్లు స్పానరు పట్టిన మనిషి, ఇంజనీరు అయిన మేనల్లుడు చెప్పాడన్న ఒక్క గౌరవంతో, తన అనుభవాన్ని పక్కనపెట్టి నేను చెప్పినవన్నీ మార్చారు.

డిసెంబరులో ఒక రాత్రి అత్తయ్యకు ఆయాసం ఎక్కువైంది. మామయ్య తాళం తిప్పారు. ఇంజను రెండు చుట్లు బరువుగా తిరిగి ఆగింది. పది నిమిషాలు ప్రయత్నించి, వీధి చివర ఆటో అతనిని నిద్రలేపి, ఆసుపత్రికి చేరేసరికి ముప్పావు గంట పట్టింది. అత్తయ్య కోలుకున్నారు. కానీ మామయ్య మరునాడే నాకు ఫోను చేసి, "దీన్ని పాత ఇనుముకు ఇచ్చేస్తున్నానురా" అన్నారు. ఆ మాటలో నామీద కోపం లేదు. అందుకే ఎక్కువగా గుచ్చుకుంది. సెలవు పెట్టి, మల్టీమీటరు సంచిలో వేసుకుని రైలెక్కాను.

అక్కడ జరిగినది చెప్పే ముందు, ఇంజను స్టార్టు కావడానికి ఏమేమి కావాలో ఒకసారి గుర్తుచేసుకుందాము. సిలిండరులో తగినంత ఒత్తిడి ఏర్పడాలి. సరైన పాళ్లలో గాలి, పెట్రోలు కలిసి చేరాలి. సరైన క్షణంలో బలమైన నిప్పురవ్వ పడాలి. వీటన్నింటికీ ముందు, సెల్ఫ్ మోటారు ఇంజనును చాలినంత వేగంగా తిప్పాలి. 1912లో కాడిలాక్ కార్లలో విద్యుత్ స్టార్టరును ప్రవేశపెట్టిన చార్లెస్ కెట్టరింగే కాయిలు, పాయింట్లతో కూడిన ఇగ్నిషన్ పద్ధతిని కూడా రూపొందించాడు. అంతకు ముందు అందరూ ముందువైపు హ్యాండిల్ తిప్పి ఇంజను లేపవలసినదే. ఇంజను వెనక్కు తన్నితే మణికట్టు విరిగేది. ఆ రకం ఎముక విరుపును వైద్యులు నేటికీ 'షోఫర్ ఫ్రాక్చర్' అనే పిలుస్తారు.

కెట్టరింగ్ ఇచ్చిన ఈ రెండు సౌకర్యాలూ ఒకే బ్యాటరీ మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి ముఖ్యం. సెల్ఫ్ మోటారు మార్గంలో లోపముంటే నిప్పురవ్వ కూడా నీరసించవచ్చు. నిప్పురవ్వ నీరసిస్తే పెట్రోలు మండక ప్లగ్గులు తడుస్తాయి. అప్పుడు ఒకరికి అది బ్యాటరీ జబ్బుగా, మరొకరికి కాయిలు జబ్బుగా, ఇంకొకరికి కార్బురేటరు జబ్బుగా కనిపిస్తుంది. నేను మూడు ఫోన్లలో మూడు జబ్బులు చెప్పింది ఇందువల్లనే.

నిమ్‌పురా చేరిన ఉదయం బానెట్ ఎత్తి పరికరాలు తీస్తున్నాను. అత్తయ్య టీ తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడి, "నాయనా, మీ మామయ్య తాళం తిప్పినప్పుడల్లా నాకు ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. ఆ లాగే మీట దగ్గర నుంచే. చెబితే ఆయన పెట్రోలు వాసనంటారు" అన్నారు. రెండు నెలలుగా మామయ్య పక్క సీటులో కూర్చున్న మనిషి ఆవిడే. మెకానిక్ ఆవిడను అడగలేదు. నేనూ అడగలేదు.

లాగే మీట అంటే చోక్. డాష్‌బోర్డు నుండి కార్బురేటరు వరకు ఉక్కు తీగ, దానిపై ఉక్కు చుట్ట, ఆపైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. అది కేవలం లాగడానికి ఏర్పరచినది. దానిలో విద్యుత్తుకు ఏ పనీ లేదు. మామయ్యను సెల్ఫ్ కొట్టమని, ఇంజను దగ్గర ఆ తొడుగును తాకి చూశాను. వేడిగా ఉంది. ఒకచోట తొడుగు కరిగి ముడతపడి ఉంది.

మన విద్యుత్ విభాగం సోదరులకు విషయం ఈపాటికి అర్థమై ఉంటుంది. మిగిలినవారి కోసం వివరిస్తాను. బ్యాటరీ ఒక కొస నుండి లావైన కేబులు సెల్ఫ్ మోటారుకు వెళ్తుంది. విద్యుత్తు తిరిగి రావడానికి వేరే కేబులు ఉండదు. అది ఇంజను లోహం గుండా, అక్కడ నుండి కారు బాడీ గుండా బ్యాటరీ రెండవ కొసకు చేరుతుంది. అయితే ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుని ఉంటుంది కనుక, ఇంజనునూ బాడీనీ కలుపుతూ రాగితీగల అల్లికతో చేసిన పట్టీ ఒకటి బిగిస్తారు. దానినే ఎర్తు పట్టీ అంటాము. ఆ పట్టీ చెడితే విద్యుత్తు వేరే దారి వెతుక్కుంటుంది. కార్బురేటరు నుండి డాష్‌బోర్డుకు పోయే చోక్ తీగ అటువంటి దారి.

ఇక కొలతలు చూడండి. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ కొసల మధ్య 11.1 వోల్టులు ఉన్నాయి. కొత్త బ్యాటరీకి అది సలక్షణమైన అంకె. మీటరు ఒక తీగను బ్యాటరీ ఎర్తు కొసపైన, రెండవదానిని ఇంజను లోహంపైన ఉంచి మళ్లీ సెల్ఫ్ కొట్టించాను. అక్కడ అర వోల్టుకు మించి ఉండకూడదు. మూడు వోల్టులు చూపింది. బ్యాటరీ ఇస్తున్నదానిలో నాలుగో వంతుకు పైగా ఆ తోవలోనే హరించుకుపోతున్నదన్నమాట.

సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు తీసుకుంటున్నదనుకుంటే, మూడు వోల్టులు పోవడానికి ఓములో యాభయ్యో వంతు నిరోధం చాలు. అంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటరు ఓముల మీట చూపలేదు. సున్నా అనే చెబుతుంది. అదే దారిలో ఐదు ఆంపియర్లు మాత్రమే పారితే పోయేది వోల్టులో పదో వంతు. కనుక చెడ్డ అతుకు అసలు భారం పడినప్పుడే బయటపడుతుంది. మూడు వోల్టులను 150 ఆంపియర్లతో హెచ్చిస్తే 450 వాట్లు. ఇస్త్రీ పెట్టెలో దాదాపు సగం వేడి! ప్లాస్టిక్ కరగడంలో వింత ఏమున్నది?

నిప్పురవ్వ సంగతి కూడా ఇక్కడే తేలింది. డిస్ట్రిబ్యూటరు ఇంజనుకే బిగించి ఉంటుంది. పాయింట్ల గుండా పోయే విద్యుత్తు కూడా ఇంజను లోహం ద్వారానే తిరిగి రావాలి. ఇంజను లోహమే మూడు వోల్టులు తేడాగా నిలబడితే కాయిలుకు దక్కేది ఎనిమిది వోల్టులు. కాయిలు ఎంత కొత్తదైనా ఆ వోల్టేజితో బలమైన నిప్పురవ్వ ఇవ్వలేదు.

మామయ్య మొదటి ఫోనులోనే చెప్పిన మాటను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. "లైట్లు బాగానే ఉన్నాయి" అన్నారు. బ్యాటరీ నీరసించి ఉంటే సెల్ఫ్ కొట్టగానే హెడ్‌లైట్లు మసకబారాలి. సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నా లైట్లు వెలుగుతూనే ఉన్నాయంటే, బ్యాటరీలో శక్తి ఉన్నది, అది మోటారుకు చేరడం లేదు అని అర్థం. లైట్ల ఎర్తు బాడీకి ఉంటుంది కనుక ఇంజను పట్టీతో వాటికి నిమిత్తం లేదు. ఆయన నాకు జవాబునే చెప్పారు. నేను దానిని ఫిర్యాదుగా విన్నాను.

కారు కింద దూరి చూస్తే పట్టీ బోల్టు దగ్గర పచ్చని చిలుము, మట్టి, పాత నూనె గట్టిపడి ఉన్నాయి. రాగి పోగులలో సగానికి పైగా తెగిపోయాయి. దాదాపు నలభై ఏళ్ల వస్తువు కనుక తప్పు వయసుదే. పాత పట్టీ తీసి, రెండు కొసల వద్ద లోహం మెరిసేవరకు ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త పట్టీ బిగించి, పైన వాసెలిన్ పూశాము. రెండు వందల రూపాయలు కూడా కాలేదు. మళ్లీ కొలిస్తే మూడు వోల్టుల చోట వోల్టులో ఆరో వంతు కూడా లేదు. చోక్ లాగి తాళం తిప్పగానే రెండవ ప్రయత్నంలో ఇంజను అందుకుంది. మామయ్య ఇంజను ఆపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ స్టార్టు చేశారు. అలా నాలుగుసార్లు చేసి చూశారు. వర్క్‌షాపులో పనిచేసినవారి అలవాటు అది. ఒకసారి నడిచినంత మాత్రాన బాగైనట్లు ఒప్పుకోరు.

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు వస్తాను. ఏమి మార్చాలన్నది చివరి ప్రశ్న. బండి ఏమి చేస్తున్నదన్నది మొదటి ప్రశ్న. అంబాసిడర్, పద్మిని, కార్బురేటరు ఉన్న పాత మారుతి 800, దేనికైనా ఈ కింది వరుస పనికివస్తుంది.

1. తాళం తిప్పితే 'టక్'మని ఆగిపోవడం, లేదా ఇంజను బరువుగా తిరగడం: హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ కొసలు శుభ్రపరచి, బ్యాటరీని పరీక్షించండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సగమే ఉన్నట్లు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు పది వోల్టులకు దిగువకు పోరాదు. లైట్లు వెలుగుతూనే ఉంటే కేబుళ్లు, సొలినాయిడ్, ఎర్తు పట్టీ చూడండి.

2. ఇంజను చురుకుగా తిరుగుతుంది, కానీ అందుకోదు: నిప్పురవ్వ చూడండి. ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించి చూసినప్పుడు రవ్వ నీలిరంగులో, చిటపట శబ్దంతో రావాలి. ప్లగ్గును కార్బురేటరుకూ, తెరిచి ఉన్న ప్లగ్గు రంధ్రానికీ దూరంగా ఉంచాలి. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు పాయింట్ల సందు అంగుళంలో వెయ్యికి 15 వంతులు, ప్లగ్గు సందు 25 వంతులు ఉండాలి. వానాకాలంలో డిస్ట్రిబ్యూటరు మూత లోపలి చెమ్మను పొడి గుడ్డతో తుడవండి. చాలా బండ్లకు అంతకు మించిన వైద్యం అవసరం కాదు.

3. నిప్పురవ్వ బాగుంది, ప్లగ్గులు పొడిగా ఉన్నాయి: పెట్రోలు అందడం లేదు. వారాల తరబడి కదలని బండిలో కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు దానిని మళ్లీ నింపడానికి కొంత వ్యవధి కావాలి. పంపు రబ్బరు పొర, ఫిల్టరు, పైపుల బీటలు పరీక్షించండి.

4. ప్లగ్గులు తడిగా ఉన్నాయి: చోక్ అతిగా వాడినందువల్ల కావచ్చు. చోక్ లోపలికి తోసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. తడి ఆరి అందుకునే అవకాశముంది.

5. ఇవన్నీ సరిగా ఉన్నా అందుకోకపోతే, సిలిండర్ల ఒత్తిడి, వాల్వుల సందు, టైమింగు చూపించండి. ఇది మెకానిక్ పని.

ఇంధనం విషయంలో ఒక కొత్త సంగతి ఉన్నది. మన దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాల్ 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లలో దానికి తట్టుకునే రబ్బరు, లోహ భాగాలు వాడుతున్నారు. పాత బండ్లలో అవి ఉండవు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరచగలదు. అదీగాక గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైనప్పుడు ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. అందుచేత పాత కారు ఉన్నవారు పెట్రోలు గొట్టాలను, పంపు పొరను కొత్త రకం రబ్బరువి వేయించుకోవడం, బండిని వారానికి ఒకసారైనా నడపడం మంచిది. మామయ్య కారులో ఈ పని కూడా అప్పుడే చేయించాము. కానీ ఎర్తు పట్టీ వేసి, బండిని రెండు రోజులు నడిపి చూసిన తరువాతనే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఫలించినదీ తెలియదు.

కొన్ని జాగ్రత్తలు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టవద్దు. మధ్యలో అర నిమిషమైనా ఆగండి. బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర అగ్గిపుల్ల వెలిగించి చూడవద్దు. పరీక్షించే ముందు గేరు న్యూట్రల్‌లో ఉన్నదో లేదో, హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నదో లేదో చూడండి. హ్యాండిల్ తిప్పవలసి వస్తే బొటనవేలిని మిగిలిన వేళ్ల వైపే ఉంచి, కిందనుండి పైకి లాగండి. కిందకు నొక్కి తిప్పవద్దు. తోసి స్టార్టు చేయడం పాత కార్లకు ఫరవాలేదు. పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లను అదేపనిగా తోయవద్దు. మండని పెట్రోలు చేరి అది పాడవుతుంది.

ఒక మోటారు ట్రిప్ అయినప్పుడు మన కర్మాగారంలో ఏమి చేస్తామో ఆలోచించండి. రిలే మార్చడానికి స్టోర్సుకు చీటీ వ్రాసే ముందు, ఆ షిఫ్టులో యంత్రం పక్కన నిలబడినవారిని అడుగుతున్నామా? శబ్దం ఎలా వచ్చింది, వాసన ఏమైనా వచ్చిందా, అంతకు ముందు ఏమి మారింది? ఈ మూడు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. వాటికి సమాధానం ఇవ్వగలిగినవారికి యంత్రశాస్త్రం తెలిసి ఉండనక్కరలేదు. మా అత్తయ్యకు ఎర్తు అన్న మాట కూడా తెలియదు.

నేను బయలుదేరే రోజు మామయ్యే నన్ను స్టేషనుకు దింపారు. కారు అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. అయితే ఇంటి గోడమీద ఆటో అతని నంబరు, అంబులెన్సు నంబరు పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించారు. "బండి బాగైందిగా మామయ్యా?" అంటే, "బాగైంది. అయినా ప్రాణం మీదికి వస్తే పాత బండిని నమ్ముకోకూడదురా" అన్నారు. నాకు అది సబబుగానే తోచింది. పాత కారు ఉన్న మన టౌన్‌షిప్ కుటుంబాలు కూడా ఆ రెండు నంబర్లూ గోడమీద వ్రాసి పెట్టుకోవలసిందిగా నా మనవి.

ఉత్తరాలు వ్రాసే మిత్రులు ఇకపై "ఏమి మార్చమంటారు?" అని కాక, బండి ఏమి చేస్తున్నది, ఎప్పటి నుండి, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా అన్న వివరాలు వ్రాయండి. పక్క సీటులో కూర్చునేవారు ఏమంటున్నారో కూడా తప్పక వ్రాయండి. వచ్చే సంచికలో ఇన్వర్టర్ బ్యాటరీల సంరక్షణ గురించి తెలుసుకుందాము.